సొంత ఉచ్చు మీద కాలు

మార్చి నెల, రెండో ఆదివారం. మధ్యాహ్నం. ఎండ తీవ్రం. కరెంటు ఉంది.

ఉన్నవాళ్ళు: టైపు మేడం, ఆమె తమ్ముడు, నేను. తెర లోపల పెద్ద దెయ్యం ఒకటి.

నా డైరీలో ఆ పుట ఇలా మొదలవుతుంది. ఏ రోజు గురించి రాసినా ముందు తేదీ, ఆ తర్వాత ఎవరెవరు ఉన్నారో రాయడం నా అలవాటు. ట్రెజరీ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ సమావేశాల వివరాలు రాసి రాసి అబ్బింది. దెయ్యాన్ని హాజరులో చేర్చింది మాత్రం ఆ ఒక్కరోజే.

మేడం పోయి వారం దాటింది. మొన్న వాళ్ళ ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక జరిపారు. అల్లూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ గుమాస్తా ఉద్యోగం చేసిన మా తరంవాళ్ళలో చాలామంది ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నవాళ్ళే. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. స్కేలుతో వేళ్ళ మీద కొట్టేదని ఒకరు చెప్పారు. పరీక్షకు ముందురోజు పిలిచి టీ ఇప్పించి, ఇంటికి పోయి పడుకోమనేదని ఇంకొకరు చెప్పారు. చివర పాస్టరు గారు ఆమెను ఓర్పుగల తల్లి అన్నారు. నాకు అక్కడ అభ్యంతరం కలిగింది. ఆమెకు ఓర్పు బొత్తిగా లేదు. ఉన్నది పట్టుదల. ఓర్పు ఉన్నవాళ్ళు వచ్చిన కష్టాన్ని భరిస్తారు. ఈమె ఆ కష్టం వచ్చే దారిలోకి ముందే వెళ్ళి, దాని కాలికి ఏదో ఒకటి అడ్డం పెట్టి వచ్చేది.

నన్నూ మాట్లాడమన్నారు. రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. భూమి కింద దెయ్యాలను చంపే కంప్యూటరు ఆట సంగతి ఆ మైకులో చెప్పేది కాదు. ఇక్కడ రాస్తాను.

ఆమె ఇల్లు మా వీధిలోనే, నాలుగు గడపల అవతల. ముందుగది ఇన్‌స్టిట్యూట్. మొదట టైపు మిషన్లు ఉండేవి. అవి పోయి కంప్యూటర్లు వచ్చాయి. నేర్చుకునేవాళ్ళు తగ్గాక వాటినీ ఒక్కొక్కటే ఇచ్చేసింది. కిటికీ పక్కన ఒక్క కంప్యూటరు మిగిలింది. దానికి పాత చీర ముక్క కుట్టి తొడిగింది. పెన్షన్ వచ్చేవాళ్ళకు సాయంత్రాలు ఎక్కువ కాబట్టి పేపరు చంకన పెట్టుకుని ఆ గదికి పోయి కూర్చోవడం నాకు రివాజు.

మేడం పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే వీపు కుర్చీకి ఆనేది కాదు. మణికట్లు బల్లకు ఆనేవి కావు. ఏ పని మొదలుపెట్టినా ముందు రెండు అరచేతులూ పమిటచెంగుకు తుడుచుకునేది, అన్నం కలిపేటప్పుడు కూడా. ఎవరైనా అనవసరంగా మాట్లాడుతుంటే కుడిచేతి ఉంగరంతో బల్ల మీద టక్ మని ఒక దెబ్బ. ఆ దెబ్బకు తహసీల్దారు చేసి రిటైరైనవాళ్ళు కూడా నోరు మూసుకోవడం చూశాను.

ఆ కుడిచేతికే వణుకు వచ్చింది. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటూ ఊరుకోకుండా కదిలేవి. నెల్లూరులో డాక్టరు చూసి, ఇది తగ్గేది కాదు, మాత్రలతో నెమ్మదింపజేయగలం, కొన్నాళ్ళకు ఈ చేయి పనికి రాకుండా పోతుంది అని దాచకుండా చెప్పాడు. పిసకడానికి ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. ఆమె ఇంటికి వచ్చి ఆ బంతిని కిటికీలోంచి వీధిలోకి వేసింది.

"బంతి పిసికేదానికి నేనేమన్నా పాలు తాగే బిడ్డనా అన్నా?" అంది నాతో. చేతిని ముఖం ముందుకు తెచ్చుకుని చూసుకుంది. "చూడు, నాకు చెప్పకుండా అదే టైపు కొడతా ఉండాది. ఏం కొడతా ఉండాదో ఏమో."

తర్వాత రెండు రోజులకు చీర ముక్క తీసి కంప్యూటరు ఆన్ చేసింది. అందులో ఒక ఆట ఉంది. వెనకటికి కుర్రాళ్ళు దొంగతనంగా ఎక్కించింది. పట్టుకుని, వాళ్ళను గోడకుర్చీ వేయించిన ఆట అది. తీసేయడం మాత్రం మరిచిపోయింది.

ఆటలో ఒక పాడుబడ్డ కోట. కోట కింద నేలమాళిగలు, ఒకదాని కింద ఒకటి. మనకు ఒక మనిషిని ఇస్తారు. మౌస్ నొక్కినచోటికి నడుస్తాడు. చీకట్లోంచి దెయ్యాలు వచ్చి మీద పడతాయి. వాటిని చంపుకుంటూ, మెట్లు వెతుక్కుంటూ అట్టడుగుకు దిగాలి. అక్కడ పెద్ద దెయ్యం ఉంటుంది. దాన్ని చంపితే ఆట అయిపోయినట్టు. ఆటలోని వివరాలన్నీ ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ఆమెకు కళ్ళు ఆనేవి కావు. అందుకని చదివి చెప్పే పని నాకు పడింది.

"చేయి ఉండగానే అడుగుదాకా పోవాలన్నా," అంది మొదటిరోజే. "బంతి పిసికితే ఏమొస్తాది? యాడికీ పోము గదా."

ఆ ఆటలో మనిషిని మనమే తయారు చేసుకోవాలి. కొన్ని దెయ్యాలను చంపినప్పుడల్లా వాడు ఒక మెట్టు ఎదుగుతాడు. అప్పుడు కాసిని పాయింట్లు ఇస్తారు. వాటిని బలం, చురుకు, తెలివి, ప్రాణం అనే నాలుగు గడుల్లో పంచాలి. ఒకసారి పంచినదాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఆమె తమ్ముడు సముద్రం వైపు రొయ్యల గుంటలు చూసుకునే మనిషి. సాయంత్రం ఇంటికి పోతూ అక్కను పలకరించడానికి వచ్చేవాడు. వస్తే గదంతా మేత వాసన. అతనూ ఒక మనిషిని తయారు చేశాడు. పాయింట్లన్నీ బలానికే పోశాడు. ఆ మనిషి పెద్ద కత్తి పట్టుకుని తలుపు తీసినవెంటనే లోపలికి దూకేవాడు, చచ్చేవాడు.

నేనూ ఒకణ్ణి తయారు చేశాను. ఏ గడికీ అన్యాయం జరగకూడదని నాలుగింటికీ సమంగా పంచాను. నా మనిషి చచ్చేవాడు కాడు, చంపేవాడూ కాడు. ఒక గబ్బిలంతో పూట గడిపేవాడు.

మేడం నా లెక్క చూసి నవ్వింది. "ఇది గవర్నమెంటు పంపకం అన్నా. అందరికీ అందింది, ఎవురికీ చాలలా."

ఆమె తన మనిషిని ఎన్నుకోవడానికే రెండు సాయంత్రాలు తీసుకుంది. కత్తివాడి గురించి చదవమంది. "ఇది దగ్గిరికి పోయి కొట్టాల. చేయి చాలదు." విలుకాడి గురించి చదవమంది. "ఇది గురి చూడాల. నా గురి చూస్తే ఇంటి కప్పుకు తగులుతాది." చివరికి ఉచ్చులు పన్నే ఆడమనిషి ఒకతె ఉంది. దెయ్యం రాకముందే నేల మీద ఉచ్చు పెడుతుంది. దెయ్యం కాలు పెడితే పేలుతుంది. ఉచ్చుకు ఎంత దెబ్బ ఉంటుందన్నది తెలివి గడిలో పోసినదాన్ని బట్టి ఉంటుంది.

ఉంగరంతో టక్ మనిపించింది. "ఇదే మన మనిషి."

"ఏందక్కా," అన్నాడు తమ్ముడు, "అంత పెద్ద కత్తులుండంగా ఎలకలు పట్టేదాన్ని తీసుకున్నావా?"

"నీ మనిషికి చేయి ముందు, తల ఎనక. నాది తిరకాసు కేసురా అబ్బయా. నా చేయి లేటుగా వస్తాది. అందుకని చేసే పని ముందే చేసిపెట్టుకోవాల. దెయ్యం వచ్చినాక చేసేదేం ఉండకూడదు, చూసేదే ఉండాల."

పాయింట్లన్నీ తెలివికీ ప్రాణానికీ పోసింది. చురుకు గడిలో సున్నా. కొంచెమైనా వేయమని నేను అన్నాను.

"అది నా కాడ లేదని తెలిసినాక దాని మీద పోసేది ఎందుకన్నా? ఇసకలో నీళ్ళు పోసినట్టు. లేనిది లేదనుకుంటే ఉన్నది గట్టిపడతాది."

ఆట మొదట్లో ఒక ప్రశ్న అడుగుతుంది. చచ్చినా మళ్ళీ లేచే ఆట కావాలా, ఒక్కసారి చస్తే ఆ మనిషి చెరిగిపోయే ఆట కావాలా అని. నేను చదివి చెప్పీ చెప్పకముందే రెండోదాన్ని నొక్కింది. తమ్ముడు తల పట్టుకున్నాడు.

"టైపు పరీక్షలో రబ్బరు ఉంటాదిరా?" అందామె. "లేచొచ్చేదానికి ఉచ్చు ఎందుకు? నీ మాదిరి పోయి గోడకు తల గుద్దుకుంటే సరిపోతాది."

ఆ తర్వాత నెలల తరబడి ఆమె పని విధానం చూశాను. కొత్త గదికి పోతే ముందుకు చూసేది కాదు, వెనక్కి చూసేది. తిరిగి వచ్చే దారి ఏది, ఎక్కడ ఇరుకు, ఎక్కడ మలుపు అన్నది చూసుకునేది. ఇరుకు దారిలో ఉచ్చులు వరసగా పెట్టేది. మొదట మంచు ఉచ్చు, అది కాళ్ళు పట్టుకుంటుంది. దాని వెనక నిప్పు ఉచ్చు. రెండిటి వరస మారితే దెయ్యం నిప్పులోంచి పరిగెత్తి వచ్చేస్తుంది. అన్నీ పెట్టి, అరచేతులు చెంగుకు తుడుచుకుని, అప్పుడు ముందుకు పోయి దెయ్యాలకు కనపడేది. అవి వెంటపడేవి. ఈమె మనిషి వెనక్కి నడిచి వచ్చేది. వెనక నుంచి మంచు, నిప్పు, కేకలు. అవి చూస్తున్న ఆమె మొహం మీద తృప్తి కనిపించేది కాదు. చెప్పినట్టు చేసిన పిల్లల నోట్సు చూసేటప్పటి మొహం అది.

ఒక్క దగ్గర మాత్రం చాలా కష్టపడేది. ఉచ్చుల వరస దాటి వెనక్కి రావాలంటే గోడ పక్కన చిన్న సందు వదిలేది. మనిషిని ఆ సందులోంచే నడిపించేది. తెర మీద బాణం గుర్తును ఆ సన్నపు సందులో నిలపడానికి వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకునేది. నుదుట చెమట పట్టేది. మా ఇద్దరిలో ఎవరమూ ఇదెందుకని అడగలేదు. మా వైపు అడవి పందుల కోసం పొలం గట్ల మీద కరెంటు తీగ పెట్టి, తెల్లారి మరిచిపోయి తామే తగిలి పోయినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. పెట్టినవాడు దూరంగా నడవాలన్నది మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

శ్రీహరికోటలో రాకెట్ వదిలే సాయంత్రం వీధివీధంతా మిద్దెలెక్కింది. నేను రమ్మని పిలిచాను. ఆమె కుర్చీలోంచి కదల్లేదు. "పైకి పోయేదాన్ని చూసేదానికి ఊరంతా ఉండారు. కిందికి పోయేదానికి నేనొక్కదాన్నే గదా. నువ్వు పోయిరా అన్నా." రాకెట్ పోయేదాకా ఉండి దిగి వస్తే, ఆమె ఇంకో నేలమాళిగ దిగింది.

ఇంకో సాయంత్రం సంగతి రాయకుండా ఉండలేను. ఆ ఆటలో ప్రాణం తగ్గితే తాగడానికి ఎర్ర సీసాలు, మంత్రశక్తి తగ్గితే నీలం సీసాలు ఉంటాయి. మేము ఎర్రమందు, నీలంమందు అనేవాళ్ళం. ఆరోజు తమ్ముడు తన కత్తివాణ్ణి ఆడిస్తున్నాడు. ప్రాణం అడుగంటింది. మేడం లేచి నిలబడి అరిచింది.

"మందు తాగరా! ఒరే, మందు తాగు! తాగకపోతే చస్తావు!"

"తాగినానక్కా!"

"చాలదు, ఇంకోటి ఏసుకో! ఎర్రది అయిపోతే నీలంది తాగు!"

గుమ్మంలో అలికిడైతే తిరిగి చూశాను. చర్చి స్త్రీల సమాజం నుంచి నలుగురు ప్రార్థన కోసం వచ్చి, చెప్పులు విడిచి, బైబిళ్ళు గుండెకు ఆనించుకుని నిలబడి ఉన్నారు. తమ్ముడికి నిజంగానే తాగుడు ఉన్న సంగతి ఊరందరికీ తెలుసు. దాన్ని మాన్పించమని ఆ నలుగురూ నెలనెలా ఉపవాసం ఉంటున్నారు.

"ఏందమ్మా ఇది," అంది వాళ్ళలో పెద్దావిడ. "నువ్వే తాపిస్తా ఉండావా?"

"అయ్యో, అది మందు గాదు అక్కా, ప్రాణానికి తాగేది," అంది మేడం. "నీలంది మంత్రానికి."

మంత్రం అన్న మాటతో పరిస్థితి ఇంకా పాడైంది. ఆమె వాళ్ళను తెర ముందుకు తీసుకుపోయి, కొమ్ములున్న దెయ్యాలను చూపించి, "వీటినే చంపతా ఉండాం. ఆదివారం పాస్టరయ్య చెప్పేదీ ఇదే గదా," అని సర్దిచెప్పింది. పెద్దావిడ చాలాసేపు చూసింది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆ మూల ఇంకోటి నక్కి ఉండాది చూడు," అని చెప్పి పోయింది.

శీతాకాలం పోయి ఎండలు వచ్చేసరికి చేయి బాగా పాడైంది. డాక్టరు మాత్రలు మార్చాడు. ఫలితం లేదు. టీ గ్లాసు నోటిదాకా పోయేలోగా సగం ఒలికేది. గ్లాసు పట్టుకుంటానంటే ఒప్పుకునేది కాదు. సాసర్లో పోసుకుని, తల వంచి బల్ల మీదే తాగేది. ఇటు ఆటలో అట్టడుగుకు ఒక్క మెట్టు వరసే మిగిలింది.

"ఈ వారం కాకపోతే ఇంక కాదన్నా," అంది ఆ శనివారం. "ఈ చేయి నాకు సెలవు చీటీ ఇచ్చేసింది."

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, చీర మార్చుకుని కూర్చుంది. తమ్ముడు గుంటల దగ్గరకు పోకుండా వచ్చాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని పక్కన కూర్చున్నాను. ఆమె మనిషి చివరి మెట్లు దిగింది.

దారి ఇరుకుగానే ఉంది. ఆమెకు అచ్చొచ్చిన దారి. మంచు, దాని వెనక నిప్పు, గోడ పక్కన సందు. అంతా అయ్యాక ముందుకు పోయి కనపడింది. పెద్ద దెయ్యం లేచింది. మనిషికి మూడింతల ఎత్తు. అది నడవలేదు. ఎగిరింది. ఉచ్చులన్నిటి మీదుగా ఎగిరి, సరిగ్గా ఈమె మనిషి నిలబడిన చోట దిగింది. ప్రాణం సగానికి పడిపోయింది.

"మందు!" అన్నాడు తమ్ముడు.

మందు తాగింది. గోడ సందులోంచి వెనక్కి వచ్చి, తర్వాతి మలుపులో మళ్ళీ వరస పెట్టింది. అది మళ్ళీ ఎగిరింది. ఎన్ని వరసలు పెట్టినా ఒకటే. ఒక్క ఉచ్చు కూడా తొక్కలేదు. ఎర్ర సీసాలు అయిపోయాయి. ఆమె మనిషి చివరి ఇరుకులో నిలబడింది. ముందు దెయ్యం. వెనక ముందే పెట్టుకున్న ఉచ్చుల వరస, గోడ పక్కన సందు. సందులోంచి పోవాలంటే బాణం గుర్తు నిలకడగా ఉండాలి. అది తెర మీద ఈగలాగా తిరుగుతోంది. ఎడమచేత్తో ఎంత గట్టిగా పట్టుకున్నా కుడిచేయి ఆగడం లేదు.

ఆట నిలిపే మీట ఒకటి ఉంది. దాన్ని నొక్కింది. దెయ్యం గాల్లోకి లేవబోతూ ఆగిపోయింది.

"అన్నా, ఉచ్చు కింద ఏం రాసుందో మళ్ళా చదువు."

చదివి తెలుగులో చెప్పాను. "శత్రువు కాలు మోపగానే పేలును."

"శత్రువు అనే ఉండాదా? ఎవురు కాలు పెట్టినా అని లేదా?"

"శత్రువు అనే ఉంది మేడం."

"మరి పెట్టినోళ్ళ సంగతి?"

"రాయలేదు."

"రాయకపోతే మాత్రం ఏందక్కా," అన్నాడు తమ్ముడు. "ఉచ్చు ఉచ్చే గదా. పందుల తీగకు తెలుస్తాదా వీడు ఓనరు, వాడు పంది అని? గోడ పక్కనుంచి పోక్కా. నేను నడిపిస్తా, ఇటియ్యి."

మౌస్ మీదకు అతని చేయి వచ్చింది. ఉంగరం టక్ మంది. చేయి వెనక్కి పోయింది.

"మా ట్రెజరీలో రాయనిది చెల్లదు మేడం," అన్నాను. ఏదో ఒకటి అనాలని అన్న మాట అది.

"మీ ట్రెజరీలో రాసింది మాత్రం ఎప్పుడు చెల్లిందిలే అన్నా." తెర మీంచి కళ్ళు తీయకుండానే అంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె ఆ ఇంగ్లీషు మాటను అక్షరం అక్షరం లోపల టైపు కొట్టుకుంటోందని నాకు తెలిసింది.

"అయిదు మీటలు," అంది చివరికి. "శత్రువు అనేదానికి ఇంగ్లీషులో అయిదు మీటలు నొక్కాల. అంత చిన్న చోట్లో, ఇంత పొదుపుగా రాసినోడు ఊరికే అయిదు మీటలు నొక్కడు. కాలు పెడితే పేలును అంటే సరిపోయేది గదా. శత్రువు అని తగిలించినాడంటే, శత్రువు గానోళ్ళు ఎవురో ఉండారని. వాడు రాసేటప్పుడు పెట్టినోడు వాడి కళ్ళల్లో ఉండాడు."

"తప్పయితే?" అన్నాడు తమ్ముడు. "ఇన్ని నెలల పని పోతాదక్కా! మళ్ళా మొదటి మాళిగ నుంచి ఈ చేత్తో రాలేవు!"

"ఆ సందులోంచి ఈ చేత్తో పోలేనని నీకూ తెలుసు. ఆడ చచ్చేది ఖాయం. ఈడ నాకొక మాట ఆధారం ఉండాది."

అరచేతులు చెంగుకు తుడుచుకుంది. ఎడమచేయి వదిలేసింది. కుడిచేయి ఎటు వణికితే అటు వణకనిచ్చింది. ఇప్పుడు గురి సన్నపు సందు కాదు, దారి మధ్యలో పరుచుకున్న ఉచ్చు. అంత పెద్దదాని మీద ఎక్కడ నొక్కినా ఒకటే. నొక్కింది. తన మనిషిని తన ఉచ్చు మీదికి నడిపించింది.

తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు, ఉన్నది చూసి రాయాలి కాబట్టి. ఏమీ కాలేదు. మంచు ఆ మనిషి కాళ్ళ కింద మెరుస్తూ ఉంది, నిప్పు పక్కనే వెలుగుతూ ఉంది. ఆమె మనిషి గడ్డి మీద నిలబడ్డట్టు నిలబడి ఉంది.

మేడం నవ్వలేదు. సంతోషించడానికి టైము లేదు. నిలబడ్డచోటే ఇంకో ఉచ్చు పెట్టింది. దాని మీద ఇంకోటి. కాళ్ళ కింద ఎన్ని పడితే అన్ని. పెట్టి, కుర్చీలో వీపు నిటారుగా పెట్టి, చేయి మౌస్ మీంచి పూర్తిగా తీసేసింది.

"రా," అంది దెయ్యంతో. ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ కుర్రాణ్ణి లోపలికి పిలిచే గొంతు అది. "రా. వచ్చి కూర్చో."

అది ఎగిరింది. ఎప్పటిలాగే సరిగ్గా ఆమె నిలబడ్డచోటే దిగింది.

ఆ తర్వాత తెర మీద ఏం జరిగిందో సరిగ్గా రాయలేను, అంతా వెలుగు. అది మళ్ళీ లేచింది, మళ్ళీ ఎగిరింది, మళ్ళీ అక్కడే పడింది. ఈమె మనిషి అడుగు కదపలేదు. దెయ్యం దూకేలోగా కాళ్ళ కింద ఉచ్చులు కొత్తవి పెట్టుకోవడమే పని. దానికి మౌస్ అక్కరలేదు, ఎడమచేతి వేళ్ళు మీటలు నొక్కితే చాలు. అవి ఆమె వేళ్ళు. చూడకుండా కొట్టే వేళ్ళు. ఆఖరిసారి పడినప్పుడు దెయ్యం లేవలేదు.

తమ్ముడు భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ," అంది మేడం, "నేను పెట్టినదానికి నేనే భయపడి గోడలెంబడి పాకినా గదన్నా. ఆ పాకేదానికే ఈ చేయి సగం అరిగిపోయింది." కోపం లేదు ఆ మాటలో. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది. "మొదట్నుంచీ కాళ్ళ కిందే పెట్టుకొని ఉండాల్సింది."

తమ్ముడు లోపలికి పోయి టీ పెట్టుకొచ్చాడు. గ్లాసు ముందు పెడితే ఆమె దానివంక చూసింది, చేతివంక చూసింది. సాసరు అడగలేదు.

"పట్టుకోరా," అంది.

అతను గ్లాసు పట్టుకుంటే తాగింది. ఒక్క చుక్క ఒలకలేదు.

మర్నాడు పొద్దున్నే పేపరు తీసుకుని పోయాను. ఆట అయిపోయింది కాబట్టి కంప్యూటరుకు మళ్ళీ చీర ముక్క తొడిగి ఉంటుందని, కాసేపు కబుర్లు చెప్పి రావచ్చని అనుకున్నాను. ఆమె కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. తెర వెలుగుతోంది. మొదటి నేలమాళిగ. కొత్త మనిషి, ఒంటి మీద చినిగిన చొక్కా, ఏ గడిలోనూ ఒక్క పాయింటు లేదు. మౌస్ బల్లకు ఎడమవైపుకు మారింది. దాని మీద ఎడమచేయి ఉంది. బాణం గుర్తు తెర మీద ఈ మూల నుంచి ఆ మూలకు తప్పతాగినవాడిలాగా పోతోంది.

"ఏంది మేడం ఇది?"

"కుడిది రిటైరైందన్నా. ఎడమదాన్ని బళ్ళో ఏసినా."

"మళ్ళీ ఒక్క ప్రాణమేనా?"

"మరి?"

ఎడమచేయి కదిపింది. మనిషి పోవలసినచోటికి కాకుండా గోడకు పోయి నిలబడ్డాడు. ఎక్కడినుంచో ఒక గబ్బిలం వచ్చింది. ఆమె ఇటు తిప్పాలనుకుంటే వాడు అటు తిరిగాడు. గబ్బిలం చేతిలోనే చచ్చిపోయాడు. వాడి పేరు తెర మీంచి చెరిగిపోయింది. మేడం అరచేతులు చెంగుకు తుడుచుకుని ఇంకో కొత్త మనిషిని తీసింది.

"నిలబడి చూస్తావేంది?" అంది తల తిప్పకుండా. "కుర్చీ లాక్కో. చదువు."